మెయిల్ రాకకో దారి, పోకకో దారి

"మెయిళ్లు వస్తున్నాయండీ, నేను పంపితేనే పోవడం లేదు." కొత్తగా చేరినవాళ్ల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చిన వారంలో ఏ కంపెనీ ఐటీ విభాగానికైనా ఇలాంటి ఫోన్ ఒకటి రాక మానదు. చెప్పే మనిషికి ఇది విడ్డూరమే. ఖాతా ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే, వైఫై ఒకటే. రావడానికి అడ్డు లేనిది పోవడానికి ఎందుకొచ్చింది?

ఫోన్ ఎత్తిన మనిషికి మాత్రం ఇందులో వింతేమీ ఉండదు. ఆ ఒక్క వాక్యంతో సగం సంగతి తెలిసిపోతుంది. పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టారు, ఇన్‌కమింగ్ సర్వర్ పేరూ సరిగ్గానే ఉంది, చూడాల్సింది అవుట్‌గోయింగ్ గడులు. మనం ఒక్క ఖాతా అనుకునేదాని లోపల రెండు యంత్రాంగాలున్నాయి. ఉత్తరం పంపేది ఒకటి, వచ్చిన ఉత్తరాలు చూపించేది ఇంకొకటి. వేరువేరు కాలాల్లో, వేరువేరు మనుషులు, వేరువేరు అవసరాలకు కట్టినవి. ఒకటి పడకేసినా రెండోదానికి ఆ కబురు అందదు.

బ్రౌజర్లో మెయిల్ చూసుకునేవాళ్లకు ఇదంతా కనపడదు. అవుట్‌లుక్, థండర్‌బర్డ్, ఆపిల్ మెయిల్ లాంటి డెస్క్‌టాప్ ప్రోగ్రాములో కంపెనీ చిరునామా పెట్టబోతేనే ఆ ఫారం ఎదురవుతుంది. పేరు, చిరునామా, పాస్‌వర్డ్ దాకా నడక బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఇన్‌కమింగ్ సర్వర్, అవుట్‌గోయింగ్ సర్వర్, పోర్ట్ 993, పోర్ట్ 587, ఎస్‌ఎస్‌ఎల్, స్టార్ట్‌టీఎల్‌ఎస్. ఐటీ వాళ్లు పంపిన కాగితంలో చూసి ఎక్కించేస్తాం. ఎందుకని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే తేలేదేమిటంటే, ఆ ఫారంలో ప్రతి గడీ ఎప్పుడో ఒకనాడు ఎవరికో ఎదురైన ఇబ్బందికి విరుగుడుగా పుట్టింది.

రెండింటిలో పెద్దది పంపే యంత్రాంగం. 1971లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో, బీబీఎన్ అనే సంస్థలో పనిచేసే రే టామ్లిన్సన్ పక్కపక్కనే ఉన్న రెండు పీడీపీ-10 కంప్యూటర్ల మధ్య, ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ గుండా సందేశం పంపాడు. మనిషి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ @ గుర్తు పెట్టింది ఆయనే. పదకొండేళ్లకు, 1982 ఆగస్టులో, జోనథన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎమ్‌టీపీ ప్రమాణం వచ్చింది. మీ ఆఫీసు మెయిల్ ఇవాళ్టికీ పోయేది ఆ పద్ధతిలోనే, పైన ఎన్ని అతుకులు పడినా.

ఆ ప్రమాణం ప్రకారం రెండు యంత్రాలు మాట్లాడుకునే తీరు ముచ్చటగా ఉంటుంది. పంపే యంత్రం ‘హెలో’ అని తన పేరు చెబుతుంది. అవతలిది 250 అంటుంది, సరే అని అర్థం. ‘మెయిల్ ఫ్రమ్’ అని పంపినవారి చిరునామా చెబితే మళ్లీ 250. అందుకునేవారి చిరునామా చెబితే మళ్లీ 250. ‘డేటా’ అంటే 354, ఇక కానివ్వమని. ఉత్తరమంతా చదివేశాక ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క పెడితే అయిపోయినట్టు. ఇంత మర్యాదగా సాగే ఈ సంభాషణలో ఎక్కడా ‘అసలు నువ్వెవరు?’ అన్న ప్రశ్న లేదు.

వీధి మలుపులో ఉన్న ఎర్ర తపాలా పెట్టెను తలుచుకోండి. అందులో కవరు వేయడానికి ఎవరి గుర్తింపు కార్డూ అక్కర్లేదు. పోస్టాఫీసులో అద్దెకు తీసుకున్న పెట్టెను తెరవాలంటే మాత్రం తాళంచెవి కావాలి. మెయిల్ కూడా మొదట్నుంచీ ఇదే లెక్కన నడిచింది. తెచ్చుకోవడానికి పాస్‌వర్డ్, పంపడానికి ఏమీ లేదు. నెట్‌వర్క్ మీద ఉన్నవాళ్లంతా విశ్వవిద్యాలయాలవాళ్లూ పరిశోధకులే అయినప్పుడు అది చాలింది. చాలని రోజులొస్తాయన్న సూచన అంతకుముందే కనిపించింది. 1978 మే 3న డెక్ కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని ఆర్పానెట్ మీద సుమారు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. అడగకుండా వచ్చిన మొదటి వ్యాపార ప్రకటనగా దాన్నే చెబుతారు. తొంభైలు వచ్చేసరికి ముక్కూమొహం తెలియని సర్వర్ల మీదుగా ఇలాంటి ఉత్తరాలు లక్షల్లో పోసాగాయి. ఎవరు తెచ్చినా తీసుకుని ముందుకు పంపడం అప్పటిదాకా సర్వర్ల మధ్య పరస్పర సహాయం. ఆ సహాయమే నేరానికి దారయింది.

పాస్‌వర్డ్ పెట్టేస్తే పోదా అనిపిస్తుంది. పెట్టడానికి లేదు. మీ కంపెనీ సర్వర్‌కు ప్రపంచంలో ఏ సర్వర్ నుంచైనా ఉత్తరం రావచ్చు. వాటన్నిటికీ పాస్‌వర్డ్ ఇవ్వడం ఎలా? ఆ రాకపోకలు 25వ నంబరు పోర్టులో, పాస్‌వర్డ్ లేకుండానే, సాగాలి. అందుకని 1998 డిసెంబరులో ఒక విభజన జరిగింది. సర్వర్లు ఒకదానికొకటి ఉత్తరాలు అందించుకునేది పాత 25లోనే. మనిషి తన కంప్యూటర్ నుంచి కొత్త ఉత్తరం దాఖలు చేసేది 587లో. మరుసటి ఏడాది, ఆ దాఖలు సమయంలో పేరూ పాస్‌వర్డూ అడిగే పద్ధతీ ఖాయమైంది. అవుట్‌లుక్‌లో ‘నా అవుట్‌గోయింగ్ సర్వర్‌కు ధ్రువీకరణ కావాలి’ అనే చిన్న టిక్కు పెట్టె ఉంటుంది. అది అప్పటి అతుకే. పాత వెర్షన్లలో ఆ టిక్కు మరచిపోతే మెయిల్ వస్తుంది, పోదు.

ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసేవాళ్లకు ఇంకో తంటా ఉంది. వైరస్ పట్టిన ఇళ్ల కంప్యూటర్లు గుట్టుగా చెత్త మెయిళ్లు పంపుతున్నాయని చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్ల కనెక్షన్ల నుంచి 25వ పోర్టును మూసేశాయి. ఎప్పటిదో పాత కాగితం చూసి అవుట్‌గోయింగ్ గడిలో 25 కొడితే, ఆఫీసులో పోయిన మెయిల్ ఇంట్లో ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అంటూ వేలాడుతుంది. అలాంటప్పుడు పాస్‌వర్డ్ పదిసార్లు మార్చినా ఒరిగేదేమీ లేదు. యంత్రం ఇంకా గుమ్మమే చేరలేదు. 535 అనే సంఖ్య కనిపిస్తే అది వేరే జబ్బు. గుమ్మం చేరింది, పాస్‌వర్డ్ దగ్గర తిప్పిపంపేశారు. తెర మీద వచ్చే ఆ పొడుగాటి ఇంగ్లిషు వాక్యాన్ని మూసేయకుండా అందులోని అంకె చదవడం ఒక్కటి అలవాటైతే, సగం ఫోన్లు చేయనక్కర్లేదు.

465వ పోర్టు కథ మరీ తమాషా. మొదటి క్షణం నుంచే గుప్తంగా మాట్లాడటానికి 1997లో దాన్ని కేటాయించారు. కొద్దికాలానికే రద్దు చేసి, మామూలుగా మొదలుపెట్టి మధ్యలో గుప్తభాషలోకి మారే స్టార్ట్‌టీఎల్‌ఎస్ చాలన్నారు. అప్పటికే దాన్ని వాడుతున్న కంపెనీలు మానలేదు. 2018 జనవరిలో వచ్చిన కొత్త ప్రమాణం, మొదట్నుంచీ గుప్తంగా ఉండటమే మేలని ఒప్పుకుని, 465ను మళ్లీ పీట మీద కూర్చోబెట్టింది. అందుకే ఒక హోస్టింగ్ కంపెనీ 587 అంటే ఇంకొకటి 465 అంటుంది. రెండూ నడుస్తాయి. కాకపోతే 465కు ‘ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్’, 587కు ‘స్టార్ట్‌టీఎల్‌ఎస్’ అని జతలు. జత తారుమారైతే ఒకరు గుప్తభాషలో, ఒకరు మామూలు భాషలో మొదలుపెట్టి, ఎవరి మాట ఎవరికీ అర్థంకాక ఆగిపోతారు.

ఇక వచ్చిన ఉత్తరాలు చూసుకునే వైపు. ఇక్కడ ఫారం ఒక ప్రశ్న వేస్తుంది: పాప్ కావాలా, ఐమ్యాప్ కావాలా? చాలామంది ఏదో ఒకటి నొక్కేస్తారు. మొత్తం ఫారంలో ఆలోచించి నొక్కాల్సింది ఇదొక్కటే.

పాప్ 1984లో పుట్టింది, ఇప్పుడు వాడే మూడో రూపం 1988లో వచ్చింది. దాని పని చాలా చిన్నది. సర్వర్‌కు వెళ్లు, ఉత్తరాలు ఎన్నున్నాయో అడుగు, ఒక్కొక్కటే తెచ్చుకో, అక్కడివి చెరిపేయ్, బయటికొచ్చేయ్. ఎప్పుడూ నెట్‌కు తగిలించి ఉండని చిన్న కంప్యూటర్ల కోసం కట్టిన పద్ధతి అది. ఆ రోజుల్లోనే, 1988లో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డోర్నర్ రాసిన యుడోరా అనే మెయిల్ ప్రోగ్రాము పుట్టింది. పోస్టాఫీసులోనే కాపురం పెట్టిన ఒకామె కథ రాసిన అమెరికన్ రచయిత్రి యుడోరా వెల్టీ పేరు దానికి పెట్టుకున్నాడాయన. మన దేశంలో 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు ఖాతాలు గంటల లెక్కన అమ్మింది, పైన టెలిఫోన్ బిల్లు అదనం. మోడెమ్ కీచుమంటూ కలవగానే మెయిళ్లు దించుకుని, వెంటనే లైను కోసేసి, తీరిగ్గా చదువుకోవడానికి పాప్‌ను మించింది లేదు.

ఇప్పుడు ఫోన్లో ఒకసారి, ఆఫీసు కంప్యూటర్లో ఒకసారి, ఇంటి ల్యాప్‌టాప్‌లో ఒకసారి అదే మెయిల్ చూస్తాం. పాప్‌కు ఈ సంగతి తెలియదు. అవుట్‌లుక్, థండర్‌బర్డ్‌లలో పాప్ ఖాతా పెడితే ‘14 రోజుల తర్వాత సర్వర్ నుంచి తీసెయ్’ అనే ఏర్పాటు ముందుగానే ఉండటం మామూలు. రెండు వారాలపాటు అన్నిచోట్లా అన్నీ కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. తర్వాత ఫోన్లో పాతవి మాయమవుతాయి. పోయాయా అంటే పోలేదు, ఆఫీసులో ఆ ఒక్క కంప్యూటర్ హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఆ డిస్కు చెడిన రోజున మాత్రం నిజంగానే పోతాయి. కొటేషన్లు, బిల్లులు, కోర్టు నోటీసులకిచ్చిన జవాబులు అన్నీ. చిన్న కంపెనీల్లో పాప్ పెట్టుకోవద్దని నేను గట్టిగానే చెబుతాను. హోస్టింగ్ కంపెనీ ఇచ్చిన జాగా నిండిపోతోందని పాప్ పెట్టేవాళ్లుంటారు. ఇంకాస్త జాగా కొనుక్కోవడం అంతకన్నా చవక.

ఐమ్యాప్‌ను 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ తయారుచేశాడు. ఉత్తరాలు సర్వర్ మీదే ఉంటాయి, మీ కంప్యూటర్ వాటిలోకి ఒక కిటికీ తెరుస్తుంది. ప్రతి ఉత్తరానికీ ఆ ఫోల్డరులో మారని ఒక సంఖ్య ఉంటుంది. చదివారా, జవాబిచ్చారా, చుక్క గుర్తు పెట్టారా అనే గుర్తులూ సర్వర్ దగ్గరే ఉంటాయి. బస్సులో ఫోన్ మీద చదివిన మెయిల్, ఆఫీసుకు చేరేసరికి చదివినట్టే కనపడేది ఇందువల్లే. 1997లో దీనికి ‘ఐడిల్’ అనే ఆదేశం చేరింది. ప్రోగ్రాము ఊరికే గంటకోసారి అడగక్కర్లేకుండా, లైను తెరిచి ఉంచుకుని కూర్చుంటే కొత్తది రాగానే సర్వరే చెబుతుంది. ఇన్‌కమింగ్ గడిలో 993 అన్న అంకె గుప్తంగా నడిచే ఐమ్యాప్‌ది. పాప్‌కు అదే పని 995 చేస్తుంది.

రాకా పోకా వేరని చెప్పాను కదా, దాని అసలు రంగు ‘సెంట్’ ఫోల్డరులో బయటపడుతుంది. మీరు 10 ఎంబీ ఫైలు జతచేసి పంపారనుకోండి. ఎస్‌ఎమ్‌టీపీ దాన్ని తీసుకెళ్లి అవతల ఇచ్చేస్తుంది, దాని పని అయిపోయింది. పంపినదాని నకలు దాచడం దాని డ్యూటీ కాదు. మరి సెంట్ ఫోల్డరులోకి ఎలా వచ్చింది? మీ ప్రోగ్రామే అదే ఉత్తరాన్ని రెండోసారి, ఈసారి ఐమ్యాప్ దారిన, సర్వర్‌కు ఎక్కించి ఆ ఫోల్డరులో పెడుతుంది. అంటే అదే ఫైలు మీ కనెక్షన్ మీద రెండుసార్లు ప్రయాణం చేస్తుంది. మెయిల్ వెళ్లిపోయి ‘కాపీ చేస్తోంది’ అని ఇంకా తిరుగుతూ ఉండటం అందుకే. ఆ రెండో ప్రయాణం విఫలమైతే, అవతలివాళ్లకు ఉత్తరం అందుతుంది కానీ మీ దగ్గర ఆనవాలు ఉండదు. వెళ్లలేదనుకుని మళ్లీ పంపుతారు. జీమెయిల్ సర్వర్ పంపినవాటి నకలు తనంతట తానే దాస్తుంది. దానితో ప్రోగ్రామూ ఇంకో నకలు ఎక్కిస్తే ఒకే ఉత్తరం రెండుసార్లు కనిపించవచ్చు. ఒక ప్రోగ్రాము ‘సెంట్’ అనీ ఇంకొకటి ‘సెంట్ ఐటమ్స్’ అనీ రెండు ఫోల్డర్లు తెరిచి, ఫోన్లోంచి పంపినవి ఒకచోట, కంప్యూటర్లోంచి పంపినవి ఒకచోట చేరడం మరో గోల. సెట్టింగ్స్‌లో రెండింటికీ ఒకే ఫోల్డరు చూపిస్తే ఆ గోల తీరుతుంది.

ఆ 10 ఎంబీ కూడా నిజానికి 10 కాదు. ఎస్‌ఎమ్‌టీపీ పుట్టినప్పుడు ఇంగ్లిషు అక్షరాలు మాత్రమే మోయగలిగింది. బొమ్మలూ ఇతర భాషలూ పంపడానికి 1992లో మైమ్ అనే ప్రమాణం వచ్చింది. ఏ ఫైలునైనా ఇంగ్లిషు అక్షరాలు, అంకెల మారువేషంలోకి మార్చి పంపమంది. ఆ మారువేషంలో ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి కాబట్టి ఫైలు మూడోవంతు ఉబ్బుతుంది. తెలుగు సబ్జెక్టుకూ ఇదే గతి. యూటీఎఫ్-8లో తెలుగు అక్షర సంకేతం ఒక్కోటీ మూడు బైట్లు. ‘అమ్మ’ అనే మాట లోపల నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. మారువేషంలో 16 అక్షరాలు. ఆ లెక్కలో తెలుగు అక్షరంతో మొదలయ్యే ఏ మాటైనా 4, ఎల్, సీ అనే మూడింటితోనే మొదలవుతుంది. పాత ప్రోగ్రాము ఏదైనా సబ్జెక్టును విప్పలేక 4ఎల్‌సీ అంటూ పిచ్చి రాతలు చూపిస్తే, అక్కడ తెలుగు ఉందని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

సర్టిఫికెట్ హెచ్చరిక గురించి రెండు మాటలు. గుప్తంగా మాట్లాడే ముందు సర్వర్ తన పేరున్న పత్రం చూపిస్తుంది. చిన్న కంపెనీలు సర్వర్ పేరుగా ‘మెయిల్ డాట్ కంపెనీపేరు డాట్ ఇన్’ అని రాసుకుంటాయి, పత్రం మీద మాత్రం హోస్టింగ్ కంపెనీ పేరుంటుంది. పేర్లు కలవక ప్రోగ్రాము హెచ్చరిస్తుంది. ‘ఫర్వాలేదు, నమ్ముతున్నా’ అని నొక్కడం కంటే, ఆ పత్రం మీది పేరు హోస్టింగ్ కంపెనీ చెప్పిన సర్వర్ పేరేనా అని వాళ్లను అడిగి, దాన్నే గడిలో రాయడం మంచిది. అన్నీ సరిగ్గా ఉన్నా ఒకే కంప్యూటర్లో హెచ్చరిక వస్తుంటే గడియారం చూడండి. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిన పాత డెస్క్‌టాప్ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది, అప్పటికి ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు.

ఇన్ని గడులు మనిషి ఎందుకు నింపాలి, ప్రోగ్రామే కనుక్కోవచ్చు కదా అన్న ఆలోచన సహజమే. ఇప్పుడు చాలావరకు అదే జరుగుతోంది. చిరునామాలో @ తర్వాత ఉన్న డొమైన్ పేరు పట్టుకుని థండర్‌బర్డ్ ముందు ఆ డొమైన్‌నే అడుగుతుంది, తర్వాత తమవాళ్లు కూర్చిన సర్వర్ల జాబితాలో చూస్తుంది, లేకపోతే ఐమ్యాప్ డాట్, మెయిల్ డాట్ అంటూ ఊహించి తలుపులు తడుతుంది. 2007 నుంచి అవుట్‌లుక్ ‘ఆటోడిస్కవర్’ పేరుతో ఇలాంటి పనే చేస్తోంది.

ఈ సౌకర్యం ఎక్కడ బెడిసికొట్టగలదో 2021 సెప్టెంబరులో లోకానికి తెలిసింది. కొన్ని మెయిల్ ప్రోగ్రాములు కంపెనీ డొమైన్లో జవాబు దొరక్కపోతే, కంపెనీ పేరు వదిలేసి ఒక మెట్టు పైకెక్కి ‘ఆటోడిస్కవర్ డాట్ కామ్’ తరహా చిరునామాలను అడిగేవి, అదీ పేరూ పాస్‌వర్డూ చేతిలో పట్టుకుని. గార్డికోర్ సంస్థకు చెందిన అమిత్ సెర్పర్ అలాంటి డొమైన్లు కొన్ని కొని ఊరికే కాచుక్కూర్చున్నాడు. వాటిలో మన దేశపు ‘డాట్ ఇన్’ కూడా ఉంది. ఏప్రిల్ 16 నుంచి ఆగస్టు 25 వరకు 3,72,072 లాగిన్ వివరాలు వాటంతటవే వచ్చి వాలాయి. ఎవరూ ఏ మోసపు లింకూ నొక్కలేదు. ఉద్యోగులు చేసిందల్లా మెయిల్ ప్రోగ్రాము వాడటమే. సంగతి బయటపడ్డాక అలాంటి డొమైన్లను మైక్రోసాఫ్ట్ తన పేరున నమోదు చేసుకోవడం మొదలుపెట్టింది. ప్రోగ్రాము సర్వర్ పేరు తానే కనుక్కుని చూపించినప్పుడు, ‘డన్’ నొక్కే ముందు ఒక్కసారి ఆ పేరు చదవమనేది ఇందుకే. అందులో మీ కంపెనీ పేరో, మీకు మెయిల్ అమ్మిన కంపెనీ పేరో ఉండాలి.

పాస్‌వర్డ్‌ను ప్రోగ్రాము చేతికివ్వడమే ప్రమాదమని తేలాక పెద్ద కంపెనీలు ఆ గడినే తీసేయడం మొదలుపెట్టాయి. గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాలకు, మైక్రోసాఫ్ట్ అదే ఏడాది అక్టోబరు నుంచి ఆఫీసు ఖాతాలకు, ఉత్త పాస్‌వర్డ్‌తో ఐమ్యాప్, పాప్ తెరవడాన్ని ఆపుతూ వచ్చాయి. ‘సరైన పాస్‌వర్డే కొడుతున్నా, తప్పంటోంది’ అని జనం తలలు బాదుకున్నది అప్పుడే. ఇప్పుడు ప్రోగ్రాము ఒక బ్రౌజర్ కిటికీ తెరుస్తుంది. మీరు గూగుల్‌కో మైక్రోసాఫ్ట్‌కో నేరుగా పాస్‌వర్డ్ చెప్పి, ఫోన్‌కు వచ్చిన కోడ్ కొడితే, వాళ్లు ప్రోగ్రాముకు ఒక టోకెన్ ఇస్తారు. ప్రోగ్రాము మీ పాస్‌వర్డ్‌ను చూడనే చూడదు. టోకెన్ ఆయుష్షు గంటో, కాస్త ఎక్కువో. తీరగానే వెనకాల ఇంకోటి తెచ్చుకుంటుంది. ఉద్యోగి ల్యాప్‌టాప్ పోతే కంపెనీ ఆ టోకెన్లు రద్దు చేస్తే చాలు. ఈ పద్ధతి రాని పాత ప్రోగ్రాములకూ, స్కాన్ చేసి మెయిల్ పంపే ఆఫీసు జిరాక్స్ మెషిన్లకూ గూగుల్ 16 అక్షరాల ‘యాప్ పాస్‌వర్డ్’ ఇస్తుంది. అసలు పాస్‌వర్డ్ మార్చగానే అవి చెల్లకుండా పోతాయి. సాయంత్రం పాస్‌వర్డ్ మార్చి మర్నాడు స్కానర్ పనిచేయలేదంటే మెకానిక్‌ను పిలవక్కర్లేదు.

రాకనూ పోకనూ ఒకే దారిలో కలిపే ప్రయత్నమూ జరిగింది. 2019లో జేమ్యాప్ అనే ప్రమాణం వెలువడింది. ఉత్తరం పంపడం, దాని నకలు దాచడం, కొత్తది వచ్చిందని చెప్పడం అన్నీ మామూలు వెబ్ కనెక్షన్ మీదే, ఒకే లాగిన్‌తో అయిపోతాయి. ఫైలు రెండుసార్లు మోయక్కర్లేదు, అవుట్‌గోయింగ్ గడే అక్కర్లేదు. ఆస్ట్రేలియాకు చెందిన ఫాస్ట్‌మెయిల్ దాన్ని ముందుండి నడిపింది, సొంత సేవలో వాడుతోంది కూడా. జీమెయిల్ కానీ అవుట్‌లుక్ కానీ దాని వైపు రాలేదు. వాటికి సొంత దారులున్నాయి, తమ ప్రోగ్రాములు తమ సర్వర్లతో మాట్లాడుకోవడానికి అవి చాలు. కాబట్టి సొంత డొమైన్ కొనుక్కుని, ఎక్కడో హోస్టింగ్ తీసుకుని, థండర్‌బర్డ్‌లో ఖాతా తెరుచుకునే చిన్న ఆఫీసుకు ఐటీ కుర్రాడు ఇచ్చే కాగితం మీద 993, 465 అంకెలే ఉంటాయి.